రెండు ఎండలు చూడని ఎరుపు

సూర్యాపేట బస్టాండు వెనక గల్లీలో పోయేవాళ్లలో కొందరు యాకోబు దుకాణం కిటికీ వైపు చూడకుండా తల తిప్పుకుని పోయేవారు. ఆ కిటికీ చెక్క మీద అరచేయంత గాజు పలకలు వరసగా ఆనించి ఉండేవి. ఒక్కో పలక మీద ఒక్కో ఎర్రటి ఇంటూ గుర్తు. బొమ్మ లేదు, రాత లేదు, ఒట్టి గుర్తు. పొద్దు వాటి మీద పడితే ఎదురింటి సున్నపు గోడ మీద ఎర్రటి ఇంటూలు లేచి, పొద్దుతోపాటు మెల్లగా పక్కకు పాకేవి. ఎదురింటి బాలనర్సమ్మ తన గోడ మీద ఆ గీతలేమిటని రెండుసార్లు తగువుకు వచ్చింది. యాకోబు గొంతు పెంచలేదు. "రెండు ఎండలు తాగనీ అక్కా, తీసేస్త," అన్నాడు. తీసేసేవాడు కూడా. మళ్లీ వారానికి కొత్తవి పెట్టేవాడు.

ఎప్పుడూ అట్లా చేసిన మనిషి కాదు. మొదట్లో ఎరుపును ఆయన కూడా అందరిలాగే చిట్టచివర పెట్టేవాడు.

సినిమా ఆటకు ముందు, ఇంటర్వెల్లో తెర మీద పడే స్లైడ్లు రాయడం యాకోబు పని. కోదాడలో గుడారం టాకీసు ఉన్న రోజుల్లో గేటు దగ్గర టికెట్లు చింపుతూ, బెజవాడ నుంచి వచ్చిన ఒక ముసలి ఉస్తాదు చేతి వెంట చూపు తిప్పుతూ నేర్చుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది పెళ్లాం సువార్తమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేటలో కాపురం పెట్టాడు. బట్టల దుకాణాలు, కాఫీ హోటళ్లు, రేడియో బాగుచేసేవాళ్లు, అందరికీ ఆయన రాసిన గాజులే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ టాకీసుల్లో 'పొగ త్రాగరాదు' అని మండుతున్న బీడీ బొమ్మతో పడే స్లైడు కూడా ఆయనదే. ఆ బీడీ చూస్తే తాగాలనిపిస్తదని జనం నవ్వుకునేవారు. అది మెప్పనే అనుకున్నాడు ఆయన, చాలా ఏళ్లు.

ఆ పనికి ఓపిక ముఖ్యం. గాజును బూడిదతో తోమి, పల్చటి సరేసు జిగురు పూత పూసి ఆరబెట్టాలి. సన్న కుంచెతో గీత. గీత ఆరినంక పసుపు, పసుపు ఆరినంక ఆకుపచ్చ, అట్లా ఒక్కో రంగు. అన్నీ అయినంక పైన ఇంకో గాజు మూత వేసి, అంచుల చుట్టూ నల్ల కాగితం పట్టీ అంటించాలి. మిగతా రంగులు ఒక్క పూతకే తెర మీద నిలుస్తాయి. ఎరుపు నిలవదు, పల్చగా పూస్తే గులాబీ అయిపోతుంది. మూడు పూతలు మందంగా ఎక్కించాలి. ఆ మందం లోపలిదాకా ఆరాలంటే రెండు పూటల ఎండ కావాలి. తడి మీద మూత వేస్తే పైకి ఏమీ తెలియదు. స్లైడు వేసే మిషను దీపం వేడి తగిలినప్పుడు లోపలి తడి ఆవిరై, రంగు నడక మొదలుపెడుతుంది.

ఉస్తాదు చెప్పింది ఒక్కటే. టైము తక్కువుంటే బొమ్మ తగ్గించు, ఆరబెట్టేది తగ్గించకు. పన్నెండేళ్లు ఆ మాట తప్పలేదు యాకోబు. పొద్దున వచ్చి మాట్నీకి కావాలన్న కాపుదనపు పెద్దమనిషికి కూడా నల్ల అక్షరాలు నాలుగు రాసిచ్చి, పువ్వులు కావాలంటే వారం ఆగమనేవాడు.

సాగరు ఎడమ కాలువ నీళ్లు వచ్చిన రెండో ఏడు, భాద్రపదంలో ఒక ఆదివారం సాయంత్రం, మిర్యాలగూడ నుంచి శ్రీపతి సేటు జీపు వచ్చి దుకాణం ముందు ఆగింది. శ్రీపతిది తాతల నాటి రైసుమిల్లు. కాలువ వచ్చినంక ఎరువుల దుకాణం కూడా పెట్టాడు. వెంట నరసింహారావు అని వ్యవసాయం సారు ఉన్నాడు, బక్కటి మనిషి, చేతిలో మడిచిన కాగితం. ఊర్లల్లో కొత్తగా వచ్చిన పొట్టి వడ్లకు మొగి పురుగు పట్టిందట. కొట్టడానికి మందు వచ్చింది గానీ అది ఎట్లాంటి మందో జనానికి తెలియదు. చదవను రాని వాళ్లకు బొమ్మలే చెప్పాలి. పన్నెండు స్లైడ్లు కావాలి, కిరాయి మిషనుతో ఊరూరా చూపిస్తారు.

ఎన్నాళ్లు పడుతుందని శ్రీపతి అడిగాడు. పది రోజులన్నాడు యాకోబు. ముసురు పట్టింది, ఎండ లేదని కూడా చెప్పాడు.

"పురుగు పది రోజులు ఆగుతదా, యాకోబూ? బేస్తారం పొద్దుగాల జీపు పంపిస్త," అన్నాడు శ్రీపతి. ఆ మాటలో దబాయింపు లేదు. దారి పొడుగునా తెల్లబోయిన వరి చూసుకుంటూ వచ్చిన మనిషి మాట అది. యాకోబుకు కాదనబుద్ధి కాలేదు. మొదటి ఆట నేరేడుచర్ల దాటి మూడు మైళ్ల లోపల ఉన్న ఊర్లో అని తెలిసినంక అసలే కాలేదు. ఆ ఊరు ఆయన చెల్లెలు జానమ్మది.

పోయేముందు నరసింహారావు సారు కాగితంలో పదకొండో వరస మీద వేలు పెట్టాడు. ఖాళీ డబ్బాలు ఇంట్లకు తేవద్దు, గుంత తీసి పూడ్చాలె. "అన్నిట్ల ఇది ముఖ్యం, యాకోబూ. కొత్త డబ్బా మెరుస్తుంటే ఏ ఆడమనిషి పారేస్తది చెప్పు," అన్నాడు.

సోమ, మంగళవారాల్లో పది పలకలు అయిపోయాయి. ఉస్తాదు చెప్పినట్టే బొమ్మ తగ్గించాడు. గాలి ఎటు వీస్తే అటు నిలబడాలని ఒక మనిషి, ఒక చెట్టు కొమ్మ. మూతికి బట్ట కట్టాలని ఒక ముఖం. నల్ల గీత, ఒకటి రెండు రంగులు. తెర మీద సరిపోతాయి.

బుధవారం పదకొండోది పట్టుకున్నాడు. ఇంట్లకు డబ్బా తెచ్చే ఆడమనిషిని గీయాలి, దాని మీద ఎర్ర ఇంటూ కొట్టాలి, కింద ఎర్ర అక్షరాలతో 'ఇట్ల చేయొద్దు' అని రాయాలి. ఆడమనిషి అనగానే చేతికి జానమ్మే వచ్చింది. నెల కింద ఆమె సూర్యాపేట వచ్చినప్పుడు సువార్తమ్మ ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా ఇస్తే, చంకన పెట్టుకుని, బస్సు ఎక్కేదాకా దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది. ఆ నడక గీశాడు, తర్వాత ఆకుపచ్చ చీర, ముక్కుపుల్ల, నవ్వాపుకునే మూతి. డబ్బా దగ్గరికి వచ్చేసరికి సూదితో సరేసు పూతను సన్నగా గీకి గాజును బయటికి తీశాడు, దీపం వెలుతురు సూటిగా అందులోంచి వచ్చి డబ్బా తెర మీద నిజంగా మెరవాలని. ఆ గీకుడుకే ఒక పూట పట్టింది. అంత మంచి పని తన చేతి నుంచి అంతకు ముందు రాలేదని ఆయనకే తెలుసు. సువార్తమ్మ దగ్గరికి వచ్చి చూసి, "అచ్చం జానమ్మే. గిసొంటి బొమ్మ మీద ఇంటూ కొట్ట చేతులెట్లొస్తయి?" అన్నది.

చేతులు రాలేదు. పన్నెండోది రాసినంక కొడదామనుకున్నాడు. పన్నెండోది అయ్యేసరికి సందె పడింది. ఇంటూ మూడు పూతలు, అక్షరాలు మూడు పూతలు పెట్టి కుంపటి పక్కన నిలబెట్టాడు. బయట ముసురు. తెల్లారి ఎండ రాలేదు, జీపు వచ్చింది.

గాజు అంచు మీద వేలు ఆనించి చూశాడు. పైన గట్టిగానే ఉంది. జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. ఈ ఒక్క పలక ఆపుకుందామా అని మనసులో ఒక క్షణం మెదిలింది. కానీ అన్నిట్లోకి ముఖ్యమైనదని సారు వేలు పెట్టి మరీ చెప్పిన పలక అదే. పైగా, దాచుకోవడమెందుకు, జనం చూడాలనిపించిన పలక కూడా అదే. మూత వేసి, నల్ల పట్టీ అంటించి, పెట్టెలో పెట్టాడు.

శనివారం సందెకు కొమురయ్య వచ్చాడు. మిషను నడిపేది అతనే. పాత టాకీసు మనిషి, యాకోబుకు తమ్ముడి లెక్క. ముసురుకు రెండో ఊరి ఆట ఆగిందని, స్లైడ్ల పెట్టె దుకాణంలో దించాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ, గురువారం మొదటి ఊర్లో ఆట ఎట్లా రక్తి కట్టిందో చెప్పుకొచ్చాడు. నరసింహారావు సారుకు జ్వరం వచ్చి రాలేదట. కాగితం చేతికిచ్చి పంపాడు గానీ కొమురయ్యకు చదువు అంతంత మాత్రం. బొమ్మ చూసి తోచింది తనే చెప్పాడట.

"అన్నా, ఆ పదకొండోది మూడుసార్లు ఏపిచ్చుకున్నరు. మన జానమ్మ, మన జానమ్మ అని ఒకటే నవ్వుడు. ఆ ఆకాశం సంగతి నాకు గూడ చెప్పకపోతివి."

ఏ ఆకాశమని అడిగాడు యాకోబు.

"మొదాలు రెండు ఎర్ర గీతలు కనవడ్డయి. జర సేపటికి అవి మెల్లగ పైకి పాకి, జానమ్మ తల మీద పొద్దు పొడిసినట్టు ఎర్రగ పరుసుకున్నయి. జనం నోర్లు తెరిసి సూసిన్రు. ఎట్ల చేసినవే అది?"

యాకోబు చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. స్లైడును మిషనులో తలకిందులుగా పెడతారు. అందులో కిందికి జారింది ఏదైనా తెర మీద పైకి పోతుంది. పెట్టె తెరిచి పదకొండో పలక తీసి, బయట మిగిలిన వెలుతురుకు అడ్డం పట్టాడు. ఇంటూ లేదు. అక్షరాలు లేవు. ఎరుపంతా జానమ్మ తల పైకి చేరి, అందమైన పొద్దుటి ఆకాశమై ఎండిపోయింది. దాని కింద జానమ్మ, చంకలో మెరుస్తున్న డబ్బా.

ఆ బొమ్మకు నువ్వేం చెప్పినవని అడిగాడు. ఏముంది, మందు అయిపోయినంక డబ్బాలు పారేయకున్రి, గిట్ల ఇంటికి తెచ్చుకున్రి అన్న, అని చెప్పాడు కొమురయ్య. శుక్రవారం పొద్దున ఊరి ముందరి పొలంలో మందు కొట్టి చూపించారట. ఏడు డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఆడవాళ్లు పోటీపడితే తన చేతుల మీదుగానే పంచాడు. మొదటిది జానమ్మకే ఇచ్చాడు, బొమ్మలో ఉన్నది ఆమెనే గదా.

"రేపు ప్రార్థన అయినంక ప్రేమవిందు ఉన్నదట. నిన్ను రమ్మన్నది. గారెలు చేస్తున్నరు, ఇంటింటికి గింత నూనె ఏసుకున్నరు. పోసి పెట్టనీకి మంచి డబ్బానే దొరికిందని మురిసిపోయింది," అని అంటుండగానే కొమురయ్యకు యాకోబు ముఖం కనిపించింది. ఏమైందే అని అడిగాడు. యాకోబు చెప్పాడు. కొమురయ్య అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు.

నేరేడుచర్ల వైపు ఆఖరి బస్సు పోయింది. మిర్యాలగూడలో శ్రీపతికి ఫోను చేయించుదామని పోస్టాఫీసుకు పోతే ముసురుకు లైను పడిపోయిందన్నారు. పలకను సంచిలో వేసుకుని ఇద్దరూ ఆదివారం మొదటి బస్సు పట్టుకున్నారు.

కిటికీ పక్కన కూర్చున్న యాకోబుకు దారి పొడుగునా డబ్బాలే కనిపించాయి. బావి గిలకకు వేలాడే డబ్బా. బండి కింద గ్రీజు డబ్బా. కాలువ గట్టు మీద ఒక ముసలాయన నీళ్లు ముంచుకుని మొఖం కడుక్కుంటున్న డబ్బా. అవన్నీ కిరసనాయిలువో, బెల్లానివో అయి ఉండవచ్చు. కొత్తగా మెరిసే ప్రతి డబ్బా మాత్రం ఆయనకు తను గీకిన గాజు లాగే కనిపించింది. నేరేడుచర్ల ఇంకా రెండు మైళ్లు ఉందనగా తూము మీద నీళ్లు పొర్లుతున్నాయని డ్రైవరు బస్సు ఆపేశాడు. దిగి, మోకాటి లోతు నీళ్లు దాటి, నడక మొదలుపెట్టారు. జ్వరం తగ్గి ఉంటే నరసింహారావు సారు ఆదివారం కూడా కాలువ మీద తిరుగుతుంటాడు, జీపు వస్తదేమో అన్నాడు కొమురయ్య. ఏ జీపూ రాలేదు. దారిలో పొలాల మీద మందు వాసన ఆగి ఉంది. వాన తడిలో కప్పల అరుపు వినిపించాల్సిన కాలం. ఎక్కడా ఒక్క కప్ప అరవలేదు. ఇద్దరూ అడుగు పెంచారు.

ఊరి దగ్గరికి వచ్చేసరికి పాట వినపడింది. ప్రార్థన మందిరంలో ఆఖరి పాట. మందిరం వెనక నుంచి పొగ లేస్తున్నది. యాకోబు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

రాళ్ల పొయ్యి మీద పెద్ద మూకుడు. జానమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. డబ్బా వంచి నూనె మూకుట్లో పోయడం అయిపోయింది. నూనె కాగుతున్నది. అరిటాకు మీద మొదటి గారె తట్టి, మధ్యలో వేలితో చిల్లి పెడుతున్నది. యాకోబు వచ్చిన ఊపులోనే మూకుడు అంచు కింద కట్టె పెట్టి తిరగేశాడు. నూనె అంతా బురదలోకి పోయింది. మంట భగ్గుమని లేచి పడింది.

పన్నెండు ఇండ్ల నూనె అది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. జానమ్మకు ఏడుపు ముందు వచ్చిందో కోపం ముందు వచ్చిందో చెప్పలేము. డబ్బా విషానిదని అన్న అంటుంటే ఆమెకు మాట ఎక్కలేదు. బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, మూడు నీళ్లు పోసి ఆరబెట్టింది. వాసన కూడా లేదు, కావాలంటే చూడమంది. యాకోబు సంచిలోంచి పలక తీసి, ఇక్కడ ఇంటూ ఉండె చెల్లే, ఇట్ల చేయొద్దని రాసి ఉండె, అని చూపించాడు.

జానమ్మ పలక అందుకుని పొద్దుకు పట్టి చూసింది.

"ఏదన్నా ఇంటూ? నువ్వే గదా నా బొమ్మ గీసినవ్. నువ్వే గదా డబ్బా నా చంకల పెట్టినవ్," అన్నది.

ఆ రోజు విందులో అన్నం, పప్పు తిన్నారు. పట్నపాయన వచ్చి పండుగ పాడు చేశాడని పెద్దలు గొణిగారు. ఎవరికీ ఏమీ కాలేదు గనక అసలు ఏమీ అయి ఉండేది కాదనే ఎక్కువమంది అనుకున్నారు. పొద్దు వంగాక జానమ్మ గిన్నెలు కడగడానికి వెనకకు పోయి, అన్నను పిలిచింది. నూనె పారిన చోట బురద చుట్టూ ఒక నల్లటి అంచు కట్టి ఉంది. వంగి చూస్తే చీమలు. వాసనకు వచ్చినవి వచ్చినట్టే, నూనె అంచు దాకా వచ్చి, వరసగా చచ్చి పడి ఉన్నాయి. లోపలికి ఒక్కటీ పోలేదు. జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి ఊరి ఆడవాళ్లు ఎవరూ గొణగలేదు.

డబ్బాలు వెతికారు. ఒక ఇంట్లో పెసలు పోసి ఉన్నాయి. ఒకటి కుండ మీద నీళ్లు ముంచేందుకు బోర్లించి ఉంది. ఒకటి ఇంకా వాడనే లేదు, దండెం మీద తీగకు వేలాడుతున్నది. ఆరు దొరికాయి. గుంత తీసి పూడ్చారు. ఏడోది లేదు. ఎవరికి ఇచ్చినవో యాది చేసుకోమని యాకోబు అడుగుతుంటే కొమురయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు.

ఏడోది తీసుకున్నది ఈ ఊరామె కాదు. కలుపు కూలికి వచ్చిన ముఠాలోది. శుక్రవారమే పని అయిపోయి ముఠా ముందుకు పోయింది. వాడపల్లి వైపని ఒకరన్నారు, మఠంపల్లి వైపని ఒకరన్నారు. పేరు తెలియదు. ముఖం కూడా యాది లేదు.

"చంకల పసిపిల్ల ఉండె, అన్నా. పాలకైతదా అని అడిగింది," అన్నాడు కొమురయ్య. మట్టి పెళ్ల ఒకటి చేతిలో చిదుపుతూ, "అయితదని చెప్పిన," అన్నాడు.

యాకోబు వాడపల్లి పోయాడు. మఠంపల్లి పోయాడు. కూలి ముఠాలు దిగే తావులన్నీ తిరిగాడు. హేమ్లా అని ఒక మేస్త్రీ ఆ ముఠాను చూసినట్టు చెప్పాడు గానీ అది వేరే ముఠా అని తేలింది. శ్రీపతికి, నరసింహారావు సారుకు జరిగింది దాచకుండా చెప్పాడు. సారు కొత్త పలక రాయమన్నాడు, ఈసారి ఎన్ని రోజులైనా ఆగుతామన్నాడు శ్రీపతి. ఆయన అట్లా అనడం యాకోబుకు తిట్టినదానికంటే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు మారింది ఆయన పని. ఏ పలకైనా ముందు ఒట్టి గాజు మీద ఎరుపు వేసేవాడు. వద్దని చెప్పే పలకలకైతే ఇంటూ వేసి, కిటికీలో రెండు ఎండలు చూపించి, గోరుతో గీకి చూసి, అది కదలదని నమ్మినంకనే దాని వెనక బొమ్మకు కుంచె పట్టేవాడు. మిగిలిన టైములో ఎంత బొమ్మ పడితే అంతే. చేయి తిరిగిన మనిషి ఇంత మొద్దు బొమ్మలు రాస్తున్నాడేమని బేరగాళ్లు కొందరు వేరే ఊరి వాళ్ల దగ్గరికి పోయారు. పోనిచ్చాడు.

మూడు ఊర్ల టాకీసులకు ఆయన ఒక స్లైడు ఊరికే రాసిచ్చాడు. డబ్బా, దాని మీద ఇంటూ, కింద 'ఇట్ల చేయొద్దు' అని ఎర్ర అక్షరాలు, అంతే. మనిషి లేదు. ఇంటర్వెల్లో అది పడే టైముకు జనం చాయ్‌కు లేచిపోయేవారు. యాకోబు ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి టాకీసుకు వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. తెర వైపు చూసేవాడు కాదు. ఆడవాళ్ల బెంచీల వైపు చూసేవాడు. ఎవరైనా పక్కామె మోచేయి పట్టుకుని, గసొంటి డబ్బా మా ఇంట్ల ఉన్నదే, అంటదేమోనని.

డెబ్బయి అయిదులో కోదాడలో ఆపరేటరు ఆ స్లైడు ఇగ తీసేద్దామన్నాడు, గాజు అంచు పగిలింది, ఏడేళ్లయింది, ఎవరు చూస్తున్నరని. యాకోబు పలక చేతికి తీసుకుని దీపానికి పట్టి చూశాడు. ఎరుపు పెట్టిన చోట పెట్టినట్టే ఉంది, వెంట్రుక వాసి కదలలేదు.

"ఇంకో ఏడాది ఉండనీ," అన్నాడు. "ఆ చంకల పిల్ల బతికి ఉంటే బడికి పోయే ఈడే గదా. చదువుకుంటది."